ముప్పై దాటాక నర్సింగ్ స్కూల్లో చేరితే: మొదటి మూడు నెలలు గట్టెక్కడం ఎలా

కర్నూలులో జీఎన్ఎమ్ (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, నర్సు డిప్లొమా) చేరిన మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే ముందు బెంచీలోని ఇద్దరమ్మాయిలు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. కొత్త ట్యూటర్ వచ్చిందనుకున్నారు పాపం. నేను తల వంచుకుని వెళ్లి వాళ్ల వెనక బెంచీలో కూర్చున్నాను. అప్పుడు నాకు 31 ఏళ్లు. మావాడు రెండో తరగతి. నేను పుస్తకం మూసి పదమూడేళ్లయింది.

ఇప్పుడు ఆఖరి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ నాలాంటివాళ్లు ఒకరో ఇద్దరో కనబడతారు. భర్త పోయినవాళ్లు, ఆశా కార్యకర్తగా తిరిగినవాళ్లు, క్లినిక్‌లో ఆయాగా పనిచేసి ఇక చాలనుకున్నవాళ్లు. వాళ్లకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. చదువు కష్టమని అందరూ భయపెడతారు. కష్టమే, కాదనను. కానీ పెద్దవయసులో చేరినవాళ్లకు అసలు చిక్కు వేరే ఉంది. పదేళ్లు ఇల్లు నడిపాం, పిల్లల్ని పెంచాం, ముసలివాళ్లకు చేశాం. "ఇది నాకు తెలుసులే" అన్న మాట నాలుక చివర ఉంటుంది. మొదటి మూడు నెలల్లో నేను తిన్న తిట్లలో ముప్పాతిక వంతు దాని పుణ్యమే.

1. చేరకముందు తేల్చుకోవాల్సినవి

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జీఎన్ఎమ్‌లో చేరడానికి వయసు 17 నుంచి 35 ఏళ్ల లోపు. ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతం మార్కులు, ఇంగ్లీషు పాస్ అయ్యి ఉండాలి. ఏఎన్ఎమ్ చేసి రిజిస్టర్ అయినవాళ్లకు పై వయసు పట్టింపు లేదు. కోర్సు మూడేళ్లు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్.

స్కూలు చూసుకునేటప్పుడు బిల్డింగు, బస్సు చూసి మోసపోకండి. రెండు ప్రశ్నలు అడగండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? పిల్లల్ని ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి, ఎన్ని పడకల దానికి పంపుతారు? మొదటిది లేకపోతే చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సు ఉద్యోగమే లేదు. రెండోది సరిగ్గా లేకపోతే సర్టిఫికెట్ ఉంటుంది, చేతికి పని రాదు.

కాగితాల్లో మనకు అదనంగా పడేది గ్యాప్ సర్టిఫికెట్. ఇంటర్ తర్వాత ఇన్నేళ్లు ఏం చేశారో అడుగుతారు. ఇంటిపేరు పెళ్లికి ముందొకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే ఇప్పుడే సరి చేయించుకోండి. పదో తరగతి మెమోలో ఏ పేరుందో అదే చివరిదాకా నడుస్తుంది.

ఇంకో పని చాలామంది మరచిపోతారు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది వేయించుకున్నాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. వార్డులోకి వెళ్లేలోపు కనీసం రెండు పడాలంటే సీటు రాగానే మొదలుపెట్టాలి.

2. ఇంట్లో పంచాయితీ ముందే తెంపుకోండి

మా ఇంట్లోవాళ్లు "చదువుకో, ఎవరొద్దన్నారు" అన్నారు. చదువంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చేది అనుకున్నారు. వాళ్లకు అంకెలతో చెప్పండి. థియరీ క్లాసులకు హాజరు కనీసం 80 శాతం ఉండాలి. ప్రాక్టికల్ గంటలైతే సర్టిఫికెట్ చేతికొచ్చేలోపు నూటికి నూరు పూర్తి చేయాలి. అంటే ఈ నెల మేనత్త కూతురి పెళ్లికి మూడు రోజులు ఎగ్గొడితే, ఆ మూడు రోజులూ సెలవుల్లో కూర్చుని తీర్చాలి. నేను ఈ మాట చెప్పాక మా ఇంట్లో పిలుపుల సంగతి సగం చల్లబడింది. మిగతా సగం ఇప్పటికీ చల్లబడలేదు, అది వేరే కథ.

మాది డోన్ దగ్గర. కర్నూలుకు యాభై కిలోమీటర్ల పైనే. మొదటి నెల రోజూ తిరిగాను, తర్వాత హాస్టల్ అన్నారు, మళ్లీ తిరిగాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ ఉంటే చాలు. డబ్బు మిగులుతుంది గానీ సీటు దొరకదు. బస్సులో చదువుకుంటానని లెక్క వేసుకోకండి. నిలబడి వెల్దుర్తి దాటేసరికి కళ్లు మూతలు పడతాయి.

పిల్లల విషయంలో ఒక్కటే చెప్తాను. స్కూలు నుంచి పిల్లవాణ్ని ఎవరు తెస్తారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అన్నదానికి ఒక పేరు కాదు, రెండు పేర్లు ఉండాలి. మొదటి పేరు ఊరెళ్లిన రోజే పిల్లవాడికి జ్వరమొస్తుంది.

3. గాజులు, మెట్టెలు, బూట్లు

దీని గురించి ఏ పుస్తకంలోనూ ఉండదు. ల్యాబ్‌లో, వార్డులో మోచేతి కింద ఏమీ ఉండకూడదు. గాజులు, ఉంగరం, వాచీ, రంగు దారం, అన్నీ తీయాలి. గాజు కింద మురికి నిలుస్తుంది, క్రిములు నిలుస్తాయి, రోగి చర్మం గీసుకుంటుంది. కారణం న్యాయమైనదే. కానీ పెళ్లైన ఆడమనిషి గాజులు తీస్తే మన ఊళ్లలో ఏమంటారో మీకు తెలుసు. మా అమ్మే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను చేసిన ఉపాయం ఇది. గాజుగాజులు మానేసి, చేయి సులువుగా దాటే సైజులో రెండేసి లోహపు గాజులు కొనుక్కున్నాను. బ్యాగులో చిన్న డబ్బా పెట్టుకున్నాను. వార్డు మెట్ల దగ్గర తీసి డబ్బాలో వేస్తాను, సాయంత్రం బస్సులో తొడుక్కుంటాను. ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పినట్లూ కాదు, వార్డులో తప్పు చేసినట్లూ కాదు. తాళి జాకెట్టు లోపలికి. మెట్టెలు సాక్సు లోపల ఉంటాయి కాబట్టి ఎవరూ అడగరు, అయితే బూటు బిగుతైతే సాయంత్రానికి వేళ్లు ఒరుసుకుపోతాయి.

అందుకే బూట్లు సాయంత్రం పూట కొనండి. రోజంతా నిలబడ్డ పాదం ఉబ్బి ఉంటుంది, ఆ సైజే సరైంది. అడుగు మెత్తగా, జారకుండా ఉండాలి. కర్నూలు ఎండలకు సింథటిక్ సాక్సులు పనికిరావు. కాటన్‌వి నాలుగు జతలు పెట్టుకోండి.

4. ఎవరిని ఏమని పిలవాలి

మా అనాటమీ ట్యూటర్ నాకంటే ఆరేళ్లు చిన్న. ఆమె "మేడమ్", నేను "నువ్వు". మొదట్లో చెవికి గుచ్చుకునేది. వారానికి అలవాటైంది. వార్డులో స్టాఫ్ నర్సు ఎంత చిన్నదైనా "సిస్టర్". ఎంఎన్ఓలు, ఎఫ్ఎన్ఓలు (వార్డులో సాయంగా ఉండే మగ, ఆడ సిబ్బంది) మనకు పని చెప్పేవాళ్లు కారు, మనం పని చెప్పేవాళ్లమూ కాదు. "అన్నా", "అక్కా" అని పిలవండి. స్ట్రెచర్ ఎక్కడుంటుందో, ఏ లిఫ్టు పనిచేస్తుందో, లినెన్ ఎవరిస్తారో వాళ్లకే తెలుసు.

క్లాసు పిల్లలు మనల్ని "అక్కా" అంటారు. ఆ పిలుపుతో జాగ్రత్త. అక్క అయ్యాక హాస్టల్లో కడుపునొప్పికి మాత్ర అక్కే ఇవ్వాలి, గొడవైతే అక్కే తీర్చాలి, మేడమ్‌తో సెలవు అక్కే అడగాలి. నేను మూడు వారాలు ఇదంతా చేసి నా రికార్డు రాసుకోలేదు. తర్వాత "అమ్మీ, నాకూ పరీక్షే" అనడం నేర్చుకున్నాను.

సీనియర్లు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. "వంగి నమస్తే పెట్టు" అంటే నవ్వి వదిలేయవచ్చు. హద్దు దాటితే వదలకండి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనకంటే క్లాసులోని చిన్న పిల్లలకే ఈ నంబరు ఎక్కువ అవసరం, వాళ్లకూ చెప్పండి.

5. ఇంగ్లీషు పుస్తకాన్ని లొంగదీయడం

తెలుగు మీడియంలో చదివి వచ్చి అనాటమీ పుస్తకం తెరిస్తే ఏడుపొస్తుంది. మొదటి సంవత్సరం అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, సోషియాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, ఫస్ట్ ఎయిడ్, కమ్యూనిటీ హెల్త్, న్యూట్రిషన్... పేర్లకే ఆయాసమొస్తుంది.

మాటను మొత్తంగా బట్టీ పట్టకండి, ముక్కలు చేయండి. కార్డియో గుండె, హెపాటో కాలేయం, నెఫ్రో మూత్రపిండం, గ్యాస్ట్రో కడుపు. చివర ఐటిస్ ఉంటే వాపు, ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. ముందు టాకీ ఉంటే వేగం, బ్రాడీ ఉంటే నెమ్మది, హైపర్ ఎక్కువ, హైపో తక్కువ. ఇలాంటివి ఒక యాభై ముక్కలు వస్తే, చూడని మాటకు కూడా సగం అర్థం తెలిసిపోతుంది. రోజుకు ఐదు చొప్పున పది రోజుల పని.

ఎముకలు 206. వాటిని నేను మావాడి ఒంటి మీద నేర్చుకున్నాను. స్నానం చేయిస్తూ భుజం దగ్గర క్లావికల్, స్కాపులా, తొడ ఫీమర్, మోకాటి చిప్ప పటెల్లా. వాడికీ వచ్చేశాయి. వెన్నెముకలో 33 పూసలు: మెడలో 7, వీపులో 12, నడుములో 5, దాని కింద కలిసిపోయిన 5, తోక ఎముక 4. వారానికి రోజులు, ఏడాదికి నెలలు, ఒక చేతి వేళ్లు, ఇంకో చేతి వేళ్లు, మంచానికి కోళ్లు. పరీక్ష హాల్లో నాకు మంచం కోళ్లే గుర్తొచ్చాయి.

రాత్రి పదకొండు దాటాక చదివింది నాకు ఒక్క ముక్క నిలవలేదు. పొద్దున నాలుగున్నరకు, ఇల్లు లేవకముందు చదివిన గంటే పనికొచ్చింది. క్లాసులోని చిన్నవాళ్లు రాత్రంతా మేలుకుని చదువుతారని పోటీ పడకండి.

6. ల్యాబ్‌లో చేతులు మళ్లీ నేర్చుకోవాలి

మొదట చేతులు కడగడం నేర్పుతారు. నవ్వొస్తుంది. ముప్పై ఏళ్లుగా కడుగుతున్నాం కదా! అరచేతులు, చేతి వెనక, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివరలు, ఆ వరుసలో సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. శానిటైజర్ అయితే 20 నుంచి 30. గడియారం చూస్తూ కడిగితే, మనం ఇన్నాళ్లు బొటనవేలు వదిలేశామని తెలుస్తుంది.

పడక వేయడమూ అంతే. దుప్పటి ముడత రోగి ఒంటి కింద నలిగితే అక్కడే పుండు మొదలవుతుంది. మూలలు మడిచి బిగించడం అందం కోసం కాదు. నేను మా అత్తకు పక్షవాతం వచ్చాక రెండేళ్లు పడక మార్చినదాన్ని, అయినా నా మూల నాలుగుసార్లు విప్పించారు.

బీపీ చూడటం మీద ఎక్కువ సమయం పెట్టండి, వార్డులో మొదట మన చేతికిచ్చే పని అదే. రోగిని ఐదు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టండి. చొక్కా చేయి మీద కఫ్ (గాలి ఎక్కించే పట్టీ) చుట్టకండి. మోచేతి మడతకు రెండు వేళ్ల పైన చుట్టండి, చేయి గుండె ఎత్తులో ఆనించండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి ఎక్కించండి. నాడి మాయమైన చోటు నుంచి ఇంకో 30 ఎక్కించి, స్టెతస్కోప్ పెట్టి సెకనుకు రెండు మూడు చొప్పున నెమ్మదిగా దించండి. మొదటి టక్ పై అంకె, శబ్దం పూర్తిగా పోయింది కింది అంకె. వినబడలేదా? "మేడమ్, వినబడలేదు" అనండి. 120/80 అని ఊహించి రాయకండి. ఊహించి రాసే అలవాటు మొదటి నెలలో పడిందంటే తర్వాత పోదు.

నాడి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. అది అయ్యాక చేయి వదలకుండా, నాడి చూస్తున్నట్లే ఉండి ఊపిరి లెక్కపెట్టండి. "ఊపిరి చూస్తున్నా" అని చెప్తే మనిషి ఊపిరి మారిపోతుంది. పెద్దవాళ్లకు నాడి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20.

7. వార్డులో మొదటి రోజులు

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లావాళ్లే కాదు, గద్వాల వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి కూడా వస్తారు. కోసిగి, ఆదోని వైపు అవ్వ కన్నడం కలిపి మాట్లాడుతుంది, పాతబస్తీ చాచా ఉర్దూలో చెప్తాడు. "ఎల్లి నోవు?", "దర్ద్ కహాఁ హై?" (నొప్పి ఎక్కడ?) అన్న రెండు ముక్కలు నాకు సగం పుస్తకమంత పనిచేశాయి. ఇక్కడ మన వయసు ఆస్తి. "కండ్లు తిరుగుతాండాయి బిడ్డా", "ఎదలో మంటగుంది" అని పద్దెనిమిదేళ్ల పిల్లకు చెప్పని మాట మనకు చెప్తారు. విన్నది విన్నట్లు సిస్టర్‌కు చేర్చండి. జబ్బు పేరు మీరు పెట్టకండి.

ఆ వయసే నన్ను ముంచింది కూడా. రెండో వారంలో ఒక తాత మంచం పక్కన మూత్రం సంచి నిండుగా కనబడింది. మా అత్తకు రోజూ తీసిన చేయి కదా, ఎవరూ చెప్పకుండానే తీసుకెళ్లి ఖాళీ చేసి, కడిగి, మెచ్చుకుంటారని నిలబడ్డాను. సిస్టర్ చార్టు పట్టుకుని వచ్చి "ఎంత వచ్చింది?" అంది. నాకు మాట రాలేదు. ఆ తాతకు లోపలికి పోయింది ఎంత, బయటికి వచ్చింది ఎంత అని గంట గంటకూ రాస్తున్నారు. గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి. "నువ్వు పారబోసింది మూత్రం కాదమ్మా, లెక్క" అంది ఆమె. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం: దేన్నైనా ముట్టుకునే ముందు "సిస్టర్, ఇది తీయవచ్చా, కొలవాలా?" అని అడగడం. ముక్కులో గొట్టం, సెలైన్, కట్టు, చివరికి మంచం పక్కన నీళ్ల సీసా కూడా. ఆపరేషన్ ముందున్న మనిషికి జాలిపడి గుక్కెడు నీళ్లు తాగించినా ప్రాణం మీదికి వస్తుంది.

చెత్త డబ్బాల రంగులు మొదటి రోజే నేర్చుకోండి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు. సెలైన్ గొట్టాలు, మూత్రం సంచులు, గ్లవ్స్, సూది తీసిన సిరంజీలు ఎరుపు. సూదులు, బ్లేడ్లు తెల్ల గట్టి డబ్బా. గాజు సీసాలు నీలం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే. గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవడం, పిండటం చేయకండి. సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. తిడతారని దాచిన అమ్మాయిని చూశాను. తిట్లు ఒక పూటలో పోతాయి.

8. రికార్డులు, లెక్కలు

ప్రొసీజర్ బుక్ (మనం చేసిన పనులు రాసే పుస్తకం) ఏ రోజుది ఆ రోజే రాసి సంతకం చేయించుకోండి. నెలాఖరున సంతకాల కోసం మేడమ్‌ల వెంట తిరగడం కంటే నరకం లేదు. బొమ్మలు అందంగా రావాలని రాత్రుళ్లు కూర్చోకండి, పేర్లు సరిగ్గా ఉంటే చాలు.

లెక్కలంటే భయపడేవాళ్లకు ఒకటి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి. మామూలు సెట్‌లో (సెలైన్ ఎక్కించే గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుందాం. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి దాదాపు 42. అంటే 15 సెకన్లలో పదో పదకొండో పడాలి. ఎన్ని చుక్కలో సెట్ కవరు మీద రాసి ఉంటుంది, ముందు అది చూడండి. చీటీల లెక్క రాసినవాళ్లకు ఇదో లెక్క కాదు.

పాస్ మార్కు 50 శాతం. మొదటి ఇంటర్నల్‌లో నాకు అనాటమీలో 38 వచ్చాయి. పద్దెనిమిదేళ్ల పిల్లలకైతే ఇంట్లో తిట్టేవాళ్లుంటారు. నాకు ఎవరూ లేరు, అదే ఎక్కువ బాధ. మరుసటి రోజు పేపర్ పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లి, ఎక్కడ పోయాయో అడిగాను. సగం మార్కులు బొమ్మ వేసి పేర్లు రాయనందుకు పోయాయి.

9. మొదటి చావు

ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మూడు నెలల్లో ఎప్పుడో ఒకసారి మీ వార్డులో ఎవరో పోతారు. పొద్దున మీరు బీపీ చూసిన మనిషే కావచ్చు. ఇంట్లో చావు చూశాం కదా అని ధైర్యంగా ఉంటాం, కానీ ఇంట్లో ఏడవడం మన పని, ఇక్కడ కాదు. సిస్టర్ పక్కనే ఉండండి. తెర లాగండి. కళ్లు మూయడం, గొట్టాలు తీయడం, ఒళ్లు తుడవడం ఆమె చెప్పినట్లు చేయండి. పోలీసు కేసైతే గొట్టాలు ముట్టుకోకూడదు, అందుకే అడగకుండా ఏదీ తీయకండి. ఇంటివాళ్లు మీ చేయి పట్టుకుంటే పట్టుకోనివ్వండి. "ఏం కాదులే" అనకండి.

ఆ రోజు నేను బాత్రూమ్‌లో ఏడ్చాను. తర్వాత చేతులు కడుక్కున్నాను, నిమిషం పూర్తిగా. సాయంత్రం బస్టాండులో మధ్యాహ్నపు డబ్బా తెరిస్తే సంకటి గట్టిపడిపోయి ఉంది. అయినా తిన్నాను. పొద్దున ఆరున్నర బస్సుకు మళ్లీ రావాలి.